తెరచాప పడవ కిటికీలకు అక్రిలిక్కా, పాలీకార్బొనేటా? చిలికాలో నా అనుభవం

మాది బరంపురం. నేనూ, మా బావా కలిసి కొన్న తెరచాప పడవ మాత్రం రంభలో ఉంటుంది, చిలికా దక్షిణపు కొసన. 22 అడుగుల ఫైబర్ పడవ. విశాఖలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొని లారీ మీద వేసుకొచ్చాం. చిలికాలో లోతు తక్కువ కాబట్టి కీల్ (పడవ అడుగున నీళ్ళలోకి దిగే రెక్క) పైకి లాక్కునే ఈ రకం ఇక్కడికి బాగా సరిపోయింది. చిన్న క్యాబిన్, ఇద్దరు పడుకునే బల్లలు, అటొకటి ఇటొకటి పొడుగాటి కిటికీ. ఈ రెండు కిటికీల గురించే ఇదంతా రాస్తున్నాను. మన దగ్గర పడవ కిటికీలంటూ విడిగా ఎక్కడా అమ్మరు. ఏది కొనాలో, ఎవరిని అడగాలో, చెప్పింది నమ్మాలో లేదో అన్నీ మనమే తేల్చుకోవాలి.

వానాకాలంలో రెండువైపులా పరుపులు తడిసేవి. అది ఒక ఇబ్బంది. అంతకంటే పెద్దది, కిటికీల్లోంచి బయట ఏమీ కనపడకపోవడం. బయటికి చూస్తే గంజి పెట్టిన గుడ్డలోంచి చూసినట్టుండేది.

దగ్గరగా చూస్తే రెండు కిటికీలూ ఒకేలా పాడవలేదు. కుడివైపుది పడవతో వచ్చిన అసలు కిటికీ, పొగరంగు అక్రిలిక్. పలక మధ్యలో ఇంకా బాగానే ఉంది. ప్రతి స్క్రూ చుట్టూ మాత్రం సన్నని చీలికలు గుత్తులు గుత్తులుగా బయల్దేరి, ఒక స్క్రూ నుంచి ఇంకో స్క్రూకి పాకాయి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు వెండి గీతల్లా మెరిసేవి. గోరు పెట్టి గీస్తే తగలవు, లోపలే ఉంటాయి. దీన్నే క్రేజింగ్ అంటారు. ఎడమవైపుది మాకంటే ముందున్న యజమాని ఎప్పుడో మార్పించిన పాలీకార్బొనేట్. అందులో ఒక్క చీలిక లేదు. కానీ పలకంతా పసుపెక్కి, బయటి ముఖం మసకబారి, గీతలు పడి ఉంది. ఒకే పడవ, అదే ఎండ, అదే ఉప్పు. ఏ సరుకు ఎలా పాడవుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు. కారడం మాత్రం రెండూ కారేవి. అంటే కారడానికి కారణం పలక కాదని అక్కడే అనుమానం వచ్చింది.

బరంపురంలో పారదర్శకమైన ప్లాస్టిక్ పలకలు రెండు చోట్ల దొరుకుతాయి. షాపుల పేర్ల బోర్డులు, ఎల్‌ఈడీ అక్షరాలు చేసేవాళ్ళ దగ్గర అక్రిలిక్ ఉంటుంది. కారు షెడ్లకీ, మేడ మీద రేకులకీ సరుకు అమ్మేవాళ్ళ దగ్గర పాలీకార్బొనేట్ ఉంటుంది. ఆ రెండో చోట ఎక్కువగా ఉండేది లోపల గొట్టాలు గొట్టాలుగా ఉండే బోలు షీటు. అది మనకు పనికిరాదు. సాలిడ్ షీట్ లేదా కాంపాక్ట్ షీట్ అని అడగాలి. చిక్కేమిటంటే, మిగిలిపోయిన ముక్కల దగ్గరికి వచ్చేసరికి చాలామంది షాపువాళ్ళకు ఏది ఏదో తెలియదు. ఒకాయన ఒకే ముక్కను పొద్దున అక్రిలిక్ అన్నాడు, సాయంత్రం మా బావ వెళ్తే ‘అన్‌బ్రేకబుల్ భాయ్’ అన్నాడు.

అందుకని మేమే పరీక్ష చేసుకోవడం మొదలుపెట్టాం. సన్నని ముక్కని పటకారుతో పట్టుకుని ఆరుబయట అగ్గిపుల్ల చూపించాలి. అక్రిలిక్ అయితే తేలిగ్గా అంటుకుంటుంది, చిటపటలాడుతూ మండుతుంది, మంట తీసేసినా ఆగదు. మగ్గిన పండు లాంటి తీపి వాసన వస్తుంది. పాలీకార్బొనేట్ ఓ పట్టాన అంటుకోదు. అంటుకుంటే నల్లటి మసి తేలుతుంది, అగ్గిపుల్ల తీసేయగానే దానంతట అదే ఆరిపోతుంది. వాసన కూడా ఘాటుగా, మందుల వాసనలా ఉంటుంది. నిప్పుతో పని వద్దనుకుంటే సన్నటి పట్టీని వంచి చూడొచ్చు. అక్రిలిక్ కొంత వంగి ఠప్పున విరుగుతుంది, కాబట్టి కళ్ళద్దాలు పెట్టుకుని చేయాలి. పాలీకార్బొనేట్ మడత పెట్టినా విరగదు, వంగిన చోట తెల్లబడుతుంది, అంతే.

ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఒకటే మాట, పాలీకార్బొనేట్ వేయండి, సుత్తితో కొట్టినా పగలదు అని. నిజమే. దెబ్బ తట్టుకోవడంలో అది అక్రిలిక్ కంటే దాదాపు 30 రెట్లు మేలని చెబుతారు. పోలీసుల డాళ్ళు దాంతోనే చేస్తారు. కానీ మా కిటికీని సుత్తితో కొట్టేవాళ్ళెవరు? రంభ జెట్టీలో పక్క పడవవాళ్ళ వెదురు గెడ ఎప్పుడైనా తగలొచ్చు, తాడు కొక్కెం తగలొచ్చు. ఆ దెబ్బలకు అక్రిలిక్ చాలు, మామూలు గాజు కంటే అది ఎన్నో రెట్లు గట్టిది. రోజూ పడేది ఎండ దెబ్బ, ఉప్పు, తుడుపు. నా లెక్కలో ప్రశ్న ‘ఏది పగలదు’ అని కాదు, ‘పదేళ్ళ తర్వాత దేనిలోంచి బయటికి కనపడుతుంది’ అని.

ఆ ప్రశ్నకు మా ఎడమ కిటికీయే జవాబు. పాలీకార్బొనేట్‌కి సహజంగా అతినీలలోహిత కిరణాలు పడవు. తయారీలోనే పైన సన్నని రక్షణ పొర ఎక్కిస్తారు. చవక షీట్లకు ఆ పొర ఒకవైపే ఉంటుంది, ఈ ముఖం బయటికి పెట్టాలని షీటుకి అంటించి వచ్చే ఫిల్మ్ మీద ముద్రిస్తారు. ఫిల్మ్ పీకేసి తిప్పి బిగిస్తే పొర ఉన్నా లేనట్టే. సరిగ్గా పెట్టినా, గీతలు పడి ఆ పొర అరిగిన చోట్ల పసుపు మొదలవుతుంది. పైగా అది మెత్తని ప్లాస్టిక్. చిలికా నీళ్ళు వానాకాలంలో చప్పబడి, ఎండాకాలానికి ఉప్పెక్కుతాయి. జల్లు పడి ఆరాక కిటికీ మీద ఉప్పు పొడి నిలుస్తుంది. దాని మీద పొడి గుడ్డ పెట్టి తుడిస్తే ప్రతి తుడుపుకీ గీతలే. అక్రిలిక్ ఇంకొంచెం గట్టిది. దానికి పడ్డ గీతల్ని సన్నని ఎమెరీతో మొదలుపెట్టి పాలిష్ దాకా రుద్ది పోగొట్టొచ్చు. పాలీకార్బొనేట్‌ని అలా రుద్దితే రక్షణ పొరే పోతుంది. ఎండ విషయంలో అక్రిలిక్‌కి ఏ పూతా అక్కర్లేదు, దాని స్వభావమే అంత. వెలుతురు కూడా ఎక్కువ వస్తుంది. రంగులేని అక్రిలిక్ పలక 92 శాతం వెలుగును లోపలికి పంపుతుంది, పాలీకార్బొనేట్ 88 శాతం దగ్గర ఆగుతుంది.

మా బావ మాత్రం ఒప్పుకోలేదు. ‘అదేటి బావా, పాత అక్రిలికే కదా చీలిపోయింది, మళ్ళీ అదే ఏటి’ అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నేను విమానాల మాట తీశాను. ప్రయాణికుల విమానంలో మనం బయటికి చూసే కిటికీ కూడా అక్రిలికే, సాగదీసి గట్టిపరిచిన రకం. అక్రిలిక్ 1933లో ప్లెక్సిగ్లాస్ పేరుతో బజారులోకి వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధ విమానాల పైకప్పులు దాంతోనే చేశారు. పాలీకార్బొనేట్ ఇంకా ఇరవై ఏళ్ళ తర్వాత, 1953లో పుట్టింది. ‘విమానానికి స్క్రూలు ఇలా కొట్టరు కదా’ అన్నాడు బావ. అసలు సంగతి అక్కడే ఉందని ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

లెక్క వేసి చూస్తే విషయం తేలిపోయింది. మా కిటికీ పొడవు 70 సెంటీమీటర్లు. అక్రిలిక్ మీటరు పొడవుకి, ఒక్కో డిగ్రీ వేడికి, 0.07 మిల్లీమీటర్లు సాగుతుంది. పాలీకార్బొనేట్ కూడా దాదాపు అంతే. తెల్లవారుజామున 25 డిగ్రీలు ఉన్న పొగరంగు పలక మిట్టమధ్యాహ్నం ఎండకి 65కి చేరిందనుకుందాం. 40 డిగ్రీల తేడాకి పలక దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కింద ఉన్న ఫైబర్ గోడ అందులో సగం కూడా పెరగదు. రోజూ పలక సాగబోతుంది, గట్టిగా బిగించిన స్క్రూలు కదలనివ్వవు. ఆ ఒత్తిడంతా రంధ్రం అంచు మీద పడుతుంది. దానికి తోడు ఏ థిన్నరో, ఏ గాఢమైన క్లీనరో తగిలితే చీలిక మొదలవుతుంది. క్రేజింగ్‌కి ఒత్తిడీ రసాయనమూ రెండూ తోడైతే ఇక ఆపడం కష్టం. స్క్రూలు ఆపలేని కదలిక ఎంతున్నా అది సీలెంట్ మీద, అంటే నీళ్ళు రాకుండా పలక కింద వేసే జిగురు మీద పడుతుంది. అది ఏదో ఒక అంచున విడిపోతుంది, నీళ్ళు దారి చూసుకుంటాయి. పాలీకార్బొనేట్ చీలకుండా ఊరుకుంది, కారడం మాత్రం కారింది.

దాంతో ఏ ప్లాస్టిక్ అన్నది సగం నిర్ణయమేననీ, దాన్ని ఎలా పట్టి ఉంచుతామన్నది మిగతా సగమనీ అర్థమైంది.

గోపాలపూర్‌లో ఫైబర్ తెప్పలు బాగుచేసే మేస్త్రి ఒకాయన ఉన్నాడు, మన తెలుగువాళ్ళే. సముద్రం మీద తిరిగే పడవలకు రెసిన్ పనులు చేస్తాడు. ఆయన్ని రంభ తీసుకెళ్ళి చూపించాం. ఎడమ కిటికీ స్క్రూలు విప్పించి, పలక లేపి, దాని కింద ఎండిపోయిన సీలెంట్‌ని గోటితో గీకి చూశాడు. కాగితమంత పల్చగా ఉంది. ‘సూడు బావూ, స్క్రూ తిప్పి తిప్పి లప్పమంతా బయటికి పిండేసినారు. ఇంకేటి ఉంటాది లోపల, సాగడానికి?’ అన్నాడు. బయటికి పొంగిన సీలెంట్‌ని వేలితో నున్నగా రాస్తే చూడ్డానికి బాగుంటుంది, పని చేసేది మాత్రం లోపల మిగిలిన మందమే. ఆయన సలహా ఒకటే, అడుగున ఏదైనా పెట్టి ఎడం ఉండేలా చూడమని.

అప్పుడు గుర్తొచ్చినవి భువనేశ్వర్‌లో ఆఫీసు భవనాల గాజు గోడలు. వాటికి బయటినుంచి ఒక్క స్క్రూ కనపడదు. గాజుని అల్యూమినియం చట్రానికి స్ట్రక్చరల్ గ్లేజింగ్ సిలికాన్‌తో అంటిస్తారు, మధ్యలో ఎడం నిలిపే స్పేసర్ టేప్ ఉంటుంది. ఎండకీ గాలికీ వానకీ అలాగే నిలబడతాయి. ఆ రకం సిలికాన్లలో మంచివి అతుకు వెడల్పులో సగం దాకా కదలినా తట్టుకుంటాయి. మా లెక్కలో పలకకీ గోడకీ మధ్య తేడా మొత్తం 1.3 మిల్లీమీటర్లు వచ్చింది. మధ్యభాగం కదలదు కాబట్టి ఒక్కో చివరకి 0.65. సిలికాన్ మందం 3 మిల్లీమీటర్లు ఉంటే అది పెద్ద బరువేమీ కాదు. విదేశాల్లో పడవలు చేసేవాళ్ళు చాలామంది ఇదే పద్ధతిలోకి మారారు, రెండువైపులా అంటుకునే మందపాటి టేప్, దాని చుట్టూ సిలికాన్.

ఏ సీలెంట్ పడితే అది మాత్రం కుదరదు. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే కిటికీలు చెడగొట్టేది ఎక్కువగా ఇదే. హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరికే సిలికాన్ ట్యూబు చాలావరకు వెనిగర్ వాసన వేస్తుంది, ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది. పాలీకార్బొనేట్‌కి అది పడదు. న్యూట్రల్ క్యూర్ అని ట్యూబు మీద రాసినదే కొనాలి. పడవల సామాన్లలో పేరున్న పాలీసల్ఫైడ్ సీలెంట్ డెక్కు మీద ఇత్తడి, స్టీలు సామాన్ల కింద భేషుగ్గా ఉంటుంది గానీ అక్రిలిక్‌నీ పాలీకార్బొనేట్‌నీ తినేస్తుంది. పాలీయురేథేన్ అతుకు గట్టిదే. కాని ఎండ పలకలోంచి నేరుగా అతుకు మీద పడుతుంది, దాంతో అతుకు చచ్చిపోతుంది. కారు అద్దాలకి చుట్టూ నల్లటి పట్టీ ఉండేది అందుకే. స్క్రూలూ ఫ్రేములూ ఉండే కిటికీకి బ్యూటైల్ టేప్ మంచిదే, ఎప్పటికీ గట్టిపడదు. మాలాగా స్క్రూ లేకుండా అంటించడానికి దాని బలం చాలదు. సిలికాన్‌కీ ఒక చెడు గుణం ఉంది. ఒకసారి అంటిన చోట దాని జిడ్డు పోదు, తర్వాత దాని మీద రంగు గానీ వేరే జిగురు గానీ పట్టదు. అది తెలిసే ఒప్పుకున్నాం.

మందం దగ్గర మళ్ళీ మా ఇద్దరికీ వాదన. బావ 8 మిల్లీమీటర్లన్నాడు, నేను 6 చాలన్నాను. పలక వంగకుండా నిలబడే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది. 6 నుంచి 8కి వెళ్తే అది దాదాపు 2.4 రెట్లవుతుంది. అలా చూస్తే బావదే రైటు. మా క్యాబిన్ గోడ మాత్రం తిన్నగా లేదు, కొంచెం వంపు ఉంది. కిటికీ రెండు కొసలకీ దారం లాగి పట్టుకుని మధ్యలో స్కేలు పెడితే 12 మిల్లీమీటర్ల ఎడం వచ్చింది. అంటే వంపు వ్యాసార్ధం 5 మీటర్లకు పైచిలుకు. అక్రిలిక్‌ని వేడి చేయకుండా వంచాలంటే వ్యాసార్ధం మందానికి కనీసం 330 రెట్లు ఉండాలని తయారీదారులు చెబుతారు. 8 మిల్లీమీటర్లకి అది 2.64 మీటర్లు, కాబట్టి 8 కూడా వంగుతుంది. కానీ పలక ఎంత మందమైతే ఆ వంపులో దాని ఒంటి మీద ఒత్తిడి అంత ఎక్కువ, అంటించిన అంచుల్ని అంత గట్టిగా ఎడంగా లాగుతుంది. ఏళ్ళ తరబడి ఒత్తిడిలో ఉన్న అక్రిలికే క్రేజింగ్‌కి ముందు దొరికేది. పాతది 5 మిల్లీమీటర్లు. కిటికీ ఎత్తు 18 సెంటీమీటర్లే. చిలికాలో తిరిగే పడవకి 6 ధారాళంగా సరిపోతుంది. గోపాలపూర్ దాటి బయటి సముద్రంలోకి పోయేవాళ్ళయితే ఇలా చేత్తో లెక్క వేసుకుని ఊరుకోకూడదు. చిన్న పడవల కిటికీల కోసం ఐఎస్‌ఓ 12216 అనే ప్రమాణం ఉంది, దాని ప్రకారం పోవాలి.

టఫెన్డ్ గాజు పెట్టమన్నవాళ్ళూ ఉన్నారు. రెట్టింపు బరువు, వంపుకి వంగదు, టఫెన్ చేశాక ఒక మిల్లీమీటరు కూడా కోయలేం. ఆ మాట అక్కడితో వదిలేశాం.

అక్రిలిక్ అని తేలాక కూడా ఇంకో మెట్టు ఉంది. కాస్ట్ రకమా, ఎక్స్‌ట్రూడెడ్ రకమా? ఎక్స్‌ట్రూడెడ్‌ని యంత్రంలోంచి కరిగించి లాగుతారు. చవక. కోసేటప్పుడు రంపం పళ్ళకి కరిగి అంటుకుంటుంది, ద్రావకాలు తగిలితే త్వరగా చీలుతుంది. కాస్ట్‌ని రెండు గాజు పలకల మధ్య పోసి గట్టిపరుస్తారు. ధర ఎక్కువ, గుణం మేలు. బోర్డుల షాపులో ఏది ఏదని అడిగితే నవ్వుతారు. గుర్తుపట్టడానికి వెర్నియర్ కాలిపర్ చాలు. ఎక్స్‌ట్రూడెడ్ షీటు నాలుగు మూలలా ఒకే మందం చూపిస్తుంది. కాస్ట్ షీటు మందం చోటుచోటుకీ మారుతుంది, 6 అని రాసిన చోట 5.6 ఉండొచ్చు, 6.3 ఉండొచ్చు. బరంపురంలో మాకు నమ్మకం కుదిరిన కాస్ట్ షీటు పొగరంగులో దొరకలేదు. విశాఖ నుంచి తెప్పించుకున్నాం. పొగరంగే ఎందుకంటే, అంచున సిలికాన్ పట్టీ బయటికి అంతగా కనపడదు, జెట్టీలో వచ్చేపోయేవాళ్ళు లోపలికి తొంగిచూడలేరు. ఎండకి ఎక్కువ వేడెక్కడం దాని లోపం, అందుకే పై లెక్కలో 65 డిగ్రీలు వేశాను.

బోర్డుల షాపులో లేజర్‌తో పావుగంటలో కోసిస్తామన్నారు. అంచు అద్దంలా మెరుస్తుంది, చూస్తే ఆశ పుడుతుంది. వద్దన్నాం. లేజర్ వేడికి కరిగి చల్లారిన అంచులో ఒత్తిడి మిగిలిపోతుంది. తర్వాత ఎప్పుడైనా స్పిరిట్ గుడ్డ తగిలితే అంచంతా పట్టీ కట్టినట్టు చీలుతుంది. అదే షాపులో తిరిగే బిట్టుతో కోసే రౌటర్ మిషను కూడా ఉంది. పాత పలకను గోడ మీద మళ్ళీ ఆనించి, గీత గీసి, అట్ట నమూనా చేసి, దాని ప్రకారం రౌటర్‌తో కోయించాం. మూలలు గుండ్రంగా. అంచులు 240 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి నీళ్ళతో రుద్దాం. రక్షణ ఫిల్మ్ చివరిదాకా తీయలేదు. అంచు చుట్టూ 25 మిల్లీమీటర్ల మేర మాత్రం బ్లేడుతో గీసి ఒలిచాం, అక్కడే సిలికాన్ పడుతుంది కాబట్టి.

స్క్రూలు వేయక తప్పని పడవలు ఉంటాయి, వాళ్ళ కోసం ఒక మాట. రంధ్రం స్క్రూ కంటే రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండాలి, స్క్రూ తల కింద రబ్బరు వాషర్ ఉండాలి, పలకలోకి దిగిపోయే కోన్ తల స్క్రూ అసలు వాడకూడదు. మామూలు ఇనుప బిట్టు అక్రిలిక్‌లోకి గుచ్చుకుని అడుగున పెచ్చు లేపుతుంది. బిట్టు అంచుని రాయి మీద కాస్త మొండిచేసి, పలక కింద చెక్క పెట్టి, నెమ్మదిగా తిప్పాలి.

తుపాన్లన్నీ ఈ తీరానికి అక్టోబరులోనే వస్తాయన్నట్టుంటుంది. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర. రెండూ అక్టోబరే. అందుకని పాత కిటికీలు విప్పడం కార్తీక పున్నమి దాకా ఆపాం. ఆ తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదిలే బొయిత బందాణ సందడి తగ్గాక, పొడి గాలి చూసుకుని పని మొదలుపెట్టాం.

ముందు రోజుల్లోనే ఒక పరీక్ష చేసి పెట్టుకున్నాం. కోతలో మిగిలిన అక్రిలిక్ ముక్కల అంచుని గరుకు చేసి, పాత ఫైబర్ ముక్కకి ఇదే సిలికాన్‌తో అంటించి, ఆరాక ఉప్పునీళ్ళ బకెట్లో ఉంచాం. తర్వాత పీకి చూస్తే సిలికాన్ మధ్యలో చిరిగింది గానీ అక్రిలిక్ నుంచి ఒలిచి రాలేదు. కావలసింది అదే. ఒలిచి వస్తే అతుకు పట్టడానికి ముందుగా ప్రైమర్ పూయాలి.

ఎక్కువ శ్రమ పాత సిలికాన్ గీకడంలోనే. ఫైబర్ మీద గీత పడకుండా పాత కిటికీ ముక్కనే పదునుపెట్టి గీకాం. పాత స్క్రూ రంధ్రాలన్నీ గోపాలపూర్ మేస్త్రి ఎపాక్సీతో పూడ్చాడు. గోడకి స్పేసర్ టేపు లోపలి అంచున ఒక వరస అంటించి, చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, పలకని మధ్య నుంచి కొసలకి నొక్కుకుంటూ పెట్టాం. వంపుకి ఎదురు తిరగకుండా బయట ఒక పట్టీ అడ్డం పెట్టి తాళ్ళతో కట్టాం. ఆ తర్వాత చుట్టూ ఉన్న ఎడంలోకి సిలికాన్‌ని అడుగు దాకా దిగేలా, గాలి బుడగలు లేకుండా నింపాలి. సిలికాన్ తుపాకీని లాగుతూ కాదు, ముందుకి తోస్తూ నింపాలని మేస్త్రి చెప్పాడు. లాగితే పైన నిండుగా కనపడుతుంది, కింద బోలుగా ఉండిపోతుంది. సబ్బునీళ్ళ గరిటెతో ఒక్కసారి గీసి, పైపొర కట్టకముందే మాస్కింగ్ టేపు ఒలిచేయాలి. సిలికాన్ గాలిలో తేమతో ఆరుతుంది, చిలికా ఒడ్డున తేమకి కొదవ లేదు. అయినా తాళ్ళు మాత్రం తొందరపడి విప్పలేదు.

బావ పాలీకార్బొనేట్ కోరిక కూడా తీరింది. క్యాబిన్‌లోకి దిగే చోట గాడిలో జారే తలుపు పలక ఉంటుంది. ఎక్కుతూ దిగుతూ అందరి మోకాలూ బూటూ తగిలేది దానికే. దానికి రెండువైపులా రక్షణ పొర ఉన్న 8 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ వేశాం. దానికి అతుకు లేదు, స్క్రూ లేదు, ఒత్తిడి లేదు. పడవ వాడనప్పుడు తీసి పరుపు కింద పెడతాం, ఎండ తగలదు. మసకబారినా ఒక పలక కోయించి గాడిలో దింపడమే. ఆ చోటికి అదే సరైనది. అక్కడ అక్రిలిక్ పెట్టమంటే నేనే ఒప్పుకోను.

ఇక వాడకం. గాజు తుడిచే నీలం స్ప్రేలో అమ్మోనియా ఉంటే పడవ దరిదాపుల్లోకి రానివ్వం. థిన్నర్, పెట్రోలు, అసిటోన్ కూడా అంతే. ముందు మంచినీళ్ళు ధారాళంగా పోసి ఉప్పు కరిగించాలి, తర్వాత సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ. చిలికాలో సాయంత్రం దోమలు భరించలేం గనక అందరూ ఏదో ఒకటి పూసుకుంటారు. డీట్ ఉన్న దోమల మందు చేతికి పూసుకుని కిటికీ మీద చెయ్యి పెడితే వేలిముద్రలు ప్లాస్టిక్‌లో దిగిపోతాయి. వచ్చిన చుట్టాలకి ఇది చెప్పి చెప్పి మా బావకి చాదస్తుడని పేరొచ్చింది.

మొన్న తొలకరికి ముందే పరీక్షిద్దామని ఒకరోజు పైపు పెట్టి నీళ్ళు కొట్టాం. బావ పైన, నేను లోపల టార్చితో. కుడి కిటికీ చుట్టూ పొడి. ఎడమ కిటికీ చుట్టూ పొడి. అయినా ఎడమ పరుపు కొసన నీటి బొట్టు పడింది. టార్చి వేసి వెతికితే, డెక్కు మీద పట్టుకునే స్టీలు కడ్డీ బోల్టు ఒకటి లోపలికి దిగిన చోటినుంచి సన్నగా కారుతోంది. ఇన్నేళ్ళూ ఆ నీళ్ళని కూడా కిటికీ లెక్కలోనే రాశాం. ఆ కడ్డీకి ప్లాస్టిక్‌తో పని లేదు కాబట్టి అక్కడ బ్యూటైల్ టేప్ వేస్తున్నాం. అది ఇంకా కొరియర్‌లో ఉంది.